లేమి ప్రత్యయం

తార్తూ ఊళ్లో, సూపుపేటలో, బఠానీ వీధిలో
కింది వాటా నాది.
పగలు నిఘంటువు ఆఫీసులో ఉంటాను.
ఆ ఏడాది నా వంతుకొచ్చిన సొరుగు: దయలేనితనం.
నాలుగు వందల పైచిలుకు చీటీలు,
కొన్నిటి మీద
నాకు ముందు పనిచేసినావిడ కాఫీ మరక.

మా భాషలో లేమికి చిన్న తోక చాలు.
పట్టింపుకు చివర 'తు' తగిలిస్తే
హోలిమాతు: ఎవరి గోడూ పట్టనివాడు.
గుండెకు తగిలిస్తే గుండెలేనివాడు.
స్పర్శకు తగిలిస్తే మొద్దు.
తు.
పెదవి మీది పొట్టు ఊదేసినట్టు
ఎంత తేలిగ్గా అనేస్తామో.

పై వాటాలో హెల్దుర్.
పాలకేంద్రంలో కొలతలు రాసి రిటైరైనవాడు.
మా మాటల్లో ఆ పేరులోనే మెత్తదనం ఉంది,
మాటల మనిషినయ్యుండీ ఆ సంగతి
తరవాత గాని గమనించలేదు.
మెట్ల మీద ఎదురైతే టోపీ ఎత్తేవాడు,
నేను తల ఊపేదాన్ని.
పంతొమ్మిదేళ్ల మా సంభాషణ
ఒక్క చీటీ మీద పట్టేస్తుంది, ఇంకా చోటు మిగులుతుంది.

జనవరిలో అతని రేడియో ఆగలేదు.
మొదటి రాత్రి ఓపిక పట్టాను.
రెండో రాత్రి వాతావరణం, పడవలకు హెచ్చరిక,
వయొలిన్లు, మళ్లీ వాతావరణం.
మూడో రాత్రి ఇనప గరిటె తీసి
నీళ్ల గొట్టం మీద కొట్టాను.
పైన అదెలా మోగుతుందో నాకు తెలుసు,
మా అక్క వచ్చి పాడిన రాత్రి
అతనూ ఓసారి కొట్టాడు.
తగ్గించలేదు.
"ఎంత హోలిమాతు మనిషివయ్యా!" అన్నాను పైకప్పుతో.
సరైన మాట సరైన చోట పడిందని
లోపల ఏదో మూల చిన్న తృప్తి కూడా.

ఇంకొకటి చెప్పాలి.
పెరట్లో మా కట్టెల కొట్లు పక్కపక్కనే.
అతని తలుపు ముందు మంచు మోకాలిదాకా పేరుకుంది,
పిల్లి అడుగు కూడా లేదు.
సున్నాకు ఇరవై రెండు కింద చలి,
పొయ్యి రాజెయ్యకుండా ఏ మనిషైనా
చూశాను.
చూసి, నా కట్టెలు చంకన పెట్టుకుని
లోపలికొచ్చి గడియ వేసుకున్నాను.

పదకొండో రోజు పోస్టమ్మాయి పోలీసును పిలిచింది.
మీసం ఇంకా కుదురుకోని కుర్రాడు.
"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"
చూడలేదు, విన్నాను, అన్నాను.
అలాగే రాసుకున్నాడు.
పైకెళ్లి రేడియో కట్టేశాడు.
ఆ నిశ్శబ్దం
కప్పు ఊడి మీద పడినట్టు పడింది.

సోమవారం సొరుగు తెరిచాను.
తుయిమ్ అని ఒక మాట ఉంది:
పన్ను పీకే ముందు సూది వేసిన దవడ.
నొప్పి ఉంటుంది, కబురు అందదు.
నాకు కబురందింది. కనక అది కాదు.
కాల్క్ అంటే కరకు.
కరకుగా ఉండటానికి కాస్త శ్రమపడాలి,
నేనంత శ్రమ కూడా పడలేదు.
ఏదైనా ఒకటే అనే మాట ఇంకోటుంది,
అదీ నప్పదు, నాకు అన్నీ ఒకటి కాదు,
నా నిద్ర వేరు, నా వెచ్చదనం వేరు.
చూసి, లెక్క తెలిసి,
చలిగా ఉందని తలుపేసుకోవడానికి మాట కావాలి.
సొరుగు అడుగు చెక్క తగిలేదాకా వెతికాను.

చివరికి హోలిమాతు కిందే ఒక చీటీ రాశాను:
"మంచు మీద అడుగు లేకపోవడం చూసి కూడా
ఆమె తన కట్టెలు తను తెచ్చుకుంది."
మూలం అన్న గడిలో
బఠానీ వీధి, కింది వాటా.

మా సంపాదకుడు తావో తిప్పి పంపాడు.
వాక్యం బాగుంది, మాట ఎక్కడుంది? అని
పక్కన పెన్సిలుతో.
నిజమే. ఉదాహరణలో ఆ మాట లేదు.
రాయడం మరిచానో, రాయలేకపోయానో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

పై వాటాలోకి ఎవరో దంపతులు దిగారు,
బిడ్డ తెల్లవార్లూ ఏడుస్తుంది.
వింటూ పడుకుంటాను.
ఆ గరిటె ఇంకా వాడుతూనే ఉన్నాను,
అంచున చిన్న సొట్ట,
జావ కలిపేటప్పుడు గిన్నె అడుగున గీరుకుంటుంది.